తొమ్మిదో పాఠంలో లేని మాట

1
శుద్ధ తదియ, పొద్దున

నా పేరు మైలపల్లి బండెమ్మ. ఉండేది సముద్రం మీది తెప్పల ఊళ్ళో, బయటి వరసలో నలభై రెండో తెప్ప. వయసు డెబ్బై తొమ్మిదని మా అన్న అనేవాడు. ఆయన లెక్క మీద నాకు అంత గురి లేదు. చదువు రాదు. ఈ రాతపెట్టె ముందు కూర్చుని చెబుతుంటే అది రాస్తోంది. నా మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దుతానని ముందే చెప్పింది. నేను చెప్పుకుపోయేది దిద్దుకో, నేనూ ఎదుటివాళ్ళూ అనుకున్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు అని దానితో ఖరారు చేసుకున్నాను. రాసింది ప్రతి పూటా తిరిగి వినిపించుకుంటాను. దీన్ని నమ్మితే కదా వినకుండా ఉండడానికి.

దశమినాడు పెద్దల సభ ఉంది. అక్కడ నోటితో చెబితే ముసలిది అరుస్తోందంటారు. రాసి ఉంటే కూర్చుని వింటారు. అందుకే ఈ రాత.

నిన్న పొద్దున పదిహేడో తెప్ప ఒరిగింది. దాని మీద పదహారు కుటుంబాలు, చేపలు ఎండబెట్టే పందిళ్ళు ఉన్నాయి. అటూ ఇటూ తెప్పలవాళ్ళు తాళ్ళు బిగించి లాగిపట్టారు కాబట్టి ఆగింది. కారి తవుడమ్మ మీద పందిరి కూలి తుంటి విరిగింది. ఆ తెప్ప మీద నీళ్ళు తోడే యంత్రంలో పనివాణ్ణి అల్లింది సూరాడ ముత్యాలు. యంత్రాల్లో పనివాళ్ళను అల్లే ఆ అల్లకం పనిలో చేరి ఏడాది కాలేదు. తప్పు దానిదే అని పొద్దు వాలకముందే ఊరంతా తేల్చేసింది.

తెప్పను ముంచినవాళ్ళ ఇంటికి తాడు విప్పడం మా ఊరి కట్టుబాటు. తాడు విప్పితే వాళ్ళ తెప్ప ఒడ్డుకు కొట్టుకుపోతుంది. ఒడ్డు మీద ఎండాకాలంలో మనిషి నాలుగు రోజులు నిలవలేడు. ముత్యాలుకు గుడ్డి తల్లి, ఇద్దరు పసివాళ్ళు. దశమినాడు తేల్చేది ఆ తాడు సంగతే.

నాకు అందులో పనేమిటంటే, ముత్యాలు నేర్చుకున్నవి నా పాఠాలు.

2
అదే రోజు, మధ్యాహ్నం

పెట్టె ఒక ప్రశ్న వేసింది: సభలో కొత్తవాళ్ళుంటారు, చదువు రాని మనిషి యంత్రాలకు పాఠాలేమిటని అడగరా అని. అడుగుతారు. చెబుతాను.

యంత్రాలు రాకముందు పంపులు కొట్టింది మేము. నలభై మంది ఆడవాళ్ళం, పంపుకొకరం. ప్రతి పంపు పక్కనా ఒక డబ్బా. చెయ్యాల్సిన పని ఏమిటో తెలిపే రంగు చెక్కముక్క ఆ డబ్బాలో పడేది. దాన్ని చీటీ అనేవాళ్ళం. ఒక చీటీ తియ్యాలి, ఆ పని ముగించాలి, అప్పుడే రెండోది. పక్కదాని పంపు మీద చెయ్యి వెయ్యకూడదు. ఏం కావాలన్నా దాని డబ్బాలో చీటీ వెయ్యడమే. ఆరుగురికి ఒక మేస్త్రమ్మ. ఎవతైనా సొమ్మసిల్లితే మేస్త్రమ్మ దాన్ని పక్కకు లాగి ఇంకోదాన్ని నిలబెట్టేది. పంపు ఆగేది కాదు.

తర్వాత కొండ మీది వాళ్ళు యంత్రాలు తెచ్చి, వాటిలో మనుషులు కాని పనివాళ్ళను అల్లారు. ఆ పనివాళ్ళకు నడవడి కావాల్సి వచ్చి మా దగ్గర కూర్చున్నారు. ఒక్కో పనివాడికి ఒక్కో డబ్బా, ఒక్కసారికి ఒక్క చీటీ, పైన ఒక మేస్త్రి. అన్నీ మావే. నేను చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు. అరవై మూడు పాఠాలయ్యాయి. ఇప్పుడు పదకొండు తెప్పల ఊళ్ళలో అవే చదివి అల్లుతున్నారు.

ప్రతి పాఠానికీ ముందు నేనొక మాట అంటాను, కూర్చున్నవాళ్ళు తిరిగి అనాలి. “చేతిలో ఉన్న చీటీ మనిషితో పాటే పోతుంది. జవాబు రానిదే పని అయిందనుకోకు.” సొమ్మసిల్లినదాని చేతిలో చీటీ ఉంటే, కొత్తగా నిలబడ్డదానికి ఆ సంగతి తెలియదు కదా. అది డబ్బాలోకి చూస్తుంది, అక్కడ ఏమీ లేదు, ఊరికే నిలబడుతుంది. మా అక్క పోలమ్మి చేతిలో చీటీతో పడిపోయిన రోజు మూడో తెప్ప మునిగింది. ఆ రోజు నుంచీ ఈ మాట.

పదిహేడో తెప్పలో జరిగింది అచ్చంగా అదే. నీటిమట్టం చూసే పనివాడు పంపు పనివాడికి చీటీ వేశాడు. పంపులో ఇసుక ఇరుక్కుని పంపు పనివాడు పడ్డాడు. మేస్త్రి రెప్పపాటులో కొత్తవాణ్ణి కూర్చోబెట్టాడు. చీటీ పోయింది. మట్టం పనివాడు నేను చెప్పేశాను కదా అని ఊరుకున్నాడు. నాలుగు గంటల సేపు నీళ్ళు ఎక్కాయి.

కాబట్టి ముత్యాలు పాఠం ముందున్న మాట వినలేదు. బద్ధకమో, పొగరో. కడిగెయ్యాలని వాళ్ళ తెప్పకు వెళ్ళాను.

3
చవితి, పొద్దున

ముత్యాలు గడప దగ్గర పిల్లకు తల దువ్వుతోంది. నన్ను చూసి లేవలేదు.

“ఒలే, సిగ్గునేదేటే నీకు? పాటం ముందల నానేటి సెప్పినాను? కూకున్నోలందరి సేతా తిరిగి అనిపించినానా నేదా?”

“నీ కాడ నాను నేర్సుకోనేదు మామ్మా. నీ కాడికి రానిస్తే కదా? ఇప్పుడు అందరం పలక మీద సదివీసుకోవడమే. తొమ్మిదో పాటం సదివినాను, అందులో ఉన్నట్టే అల్లినాను.”

“తొమ్మిదో పాటం ముందల ఉన్నాది కదే ఆ మాట!”

“నేదు.”

“ఉన్నాది.”

“నేదు మామ్మా. కళ్ళు పెట్టుకుని సదివినాను.”

పలక తెచ్చి చదివింది. “ఒక పనివాడు మరొకరికి చీటీ పంపే విధానం” అని మొదలుపెట్టి నేరుగా పనిలోకి దిగిపోయింది. లోపలనుంచి గుడ్డి తల్లి అంది: “ఆ గుంట అబద్దమాడదే బండప్పా.”

ఎవరి కూతురు అబద్ధమాడుతుందని ఏ తల్లి ఒప్పుకుంటుంది? తాడు మెడకు వచ్చినప్పుడు ఎవరైనా ఒక వాక్యం మింగేస్తారు. చదువురాని నా ఎదుట మింగడం మరీ తేలిక.

చదువు రానివాళ్ళకు ఒక పద్ధతి ఉంటుంది, చదువుకున్నవాళ్ళకు తెలియదు. ఒకరితో ఒకరికి మాటల్లేని ముగ్గుర్ని పట్టుకోవాలి. ఒక్కో చోట ఒక్కొక్కరితో చదివించుకోవాలి. ఎందుకో చెప్పకూడదు. ముగ్గురూ ఒక్కటే చదివితే రాసి ఉన్నది అదే. ఉత్తరాలన్నీ నేను అలాగే చదివించుకున్నాను, మా ఆయనవి కూడా.

ఉప్పు తెప్ప మీద గున్నయ్యతో చదివించాను. తవుడమ్మ మంచం దగ్గర వాళ్ళ కోడలితో చదివించాను. దానికి ముత్యాలంటే ఒళ్ళు మంట, సాయం చెయ్యదు. మూడోసారి వలలు బాగుచేసే చోట మేస్త్రి అప్పన్నతో.

ముగ్గురూ ఒక్కటే చదివారు. ఆ మాట లేదు.

4
చవితి, సాయంత్రం

అయితే దొంగ ఎవరో తెలిసిపోయింది.

పోయిన ఏడు కొండ కేంద్రం నుంచి బొడ్డేపల్లి వైకుంఠరావు అని ఒకాయన వచ్చాడు, పాఠాలు సర్దడానికి. యాభై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, మెత్తటి మాట. మెత్తగా మాట్లాడేవాళ్ళ జేబులు ముందు చూడాలని నాకు పాత అలవాటు. వచ్చిన రోజే నన్ను అమ్మా అన్నాడు, అప్పుడే అనుమానించాను. పాఠాలు కలగాపులగంగా ఉన్నాయట, నాలుగు అరలుగా చెయ్యాలట. కొత్తవాళ్ళు నేర్చుకునేవి ఒక అర, ఫలానా పని ఎలా చెయ్యాలో చూసుకునేవి ఒకటి, ఎందుకలా అని తెలుసుకునేవి ఒకటి, పేర్లూ కొలతలూ వెతుక్కునేవి ఒకటి. చేపల్ని ఏరినట్టు ఏరతానంటే సరే అన్నాను. చేపలు ఏరే చోట నాలుగు బుట్టలు పెడితే అయిదో బుట్ట ఏరేవాడి ఇంటికి పోతుందన్న సంగతి ఆ రోజు తట్టలేదు.

అల్లకపు తెప్పలోకి వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాను.

“నా మాట ఏటి సేసినావు బాబూ?”

“కూర్చోండి బండెమ్మగారూ. ఏ మాట?”

చెప్పాను. ఆయన ముఖంలో కంగారు ఏమీ లేదు. అదే నాకు ఇంకా అనుమానం పుట్టించింది.

“అది ఎక్కడికీ పోలేదండీ. మూడో అరలో ఉంది, ‘పనివాడు పడిపోతే ఏమవుతుంది’ అన్న పుటలో. అరవై మూడు పాఠాల్లో అరవై మూడు సార్లు అదే మాట ఉంది. ఒకే మాట అన్నిసార్లు ఉంటే చదివేవాళ్ళు దాటేస్తారు. అందుకని ఒకచోట ఉంచి మిగతావి తీసేశాను.”

“అరవై మూడు సార్లు నానెందుకు సెప్పినాననుకున్నావు? నోటికి పని నేకా?”

“అలా కాదండీ…”

“తొమ్మిదో పాటం సదివీ గుంట మూడో అరలో ఎందుకు సెయ్యి పెడతాది? దానికి కావాల్సింది సీటీ పంపడం. సీటీ పోద్దని నువ్వు ఇంకో గదిలో రాసిపెట్టీసి తలుపేసినావు.”

ఆయన పలక పక్కన పెట్టాడు. తర్వాత అన్న మాట నా నెత్తిన పడింది.

“మీరు వద్దంటే ఉంచేసేవాణ్ణి. ప్రతి పాఠమూ మీకు చదివి వినిపించాను కదండీ? ప్రతి దాని కిందా మీ వేలిముద్ర ఉంది.”

“అబద్దం! నువ్వు సదివినప్పుడు ఆ మాట ఉంది. నాను ఇన్నాను. అరవై మూడు సార్లూ ఇన్నాను.”

“లేదండీ.”

“నా సెవులు పనిసేస్తన్నాయి నాయనా. నువ్వు ఒకటి సదివి ఇంకోదాని మీద ఏలు ఏయించుకున్నావు.”

“మనం కూర్చున్నన్నాళ్ళూ గొంతులు నిలవచేశాను, కేంద్రం నియమం. మీకు వినిపిస్తాను.”

“నాకొక్కదానికీ కాదు. సభలో ఇనిపించు. ఊరంతా ఇనాల నీ దొంగతనం.”

“సరేనండీ” అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. నిలవచేసిన గొంతుల్ని ఈ ఆరు రోజుల్లో దిద్దవచ్చునని తోచి, వెనక్కి వెళ్ళి ఆ గొంతుల పెట్టెను సభ పెద్ద అరిజిల్లి గంగులు ఇంట్లో పెట్టించాను. తాళం గంగులు దగ్గర, పెట్టె మీద కట్టిన తాడు ముడి నాది. నా ముడి ఇంకొకరు వెయ్యలేరు.

5
దశమి, మధ్యాహ్నం

ఇవాళ సభలో జరిగింది జరిగినట్టు చెబుతాను. ఓ రాతపెట్టే, ఇందులో ఒక్క ముక్క మెత్తగా చేశావంటే నిన్ను సముద్రంలో పారేస్తాను.

గొంతుల పెట్టె మీద ముడి నాదే, ఎవరూ విప్పలేదు. గంగులు తాళం తీశాడు. ముత్యాలు ఒక మూల నిలబడి ఉంది, పిల్లల్ని తేలేదు. తవుడమ్మను మంచంతో సహా మోసుకొచ్చారు. నేను ముందు వరసలో కూర్చున్నాను, వైకుంఠరావు ముఖం కనిపించేలా.

గొంతు మొదలైంది. వైకుంఠరావుది. “తొమ్మిదో పాఠం. ఒక పనివాడు మరొకరికి చీటీ పంపే విధానం.” తర్వాత ఆగాడు.

ఆ ఖాళీలో ఒక ఆడగొంతు అంది: “సేతిలో ఉన్న సీటీ మనిసితో పాటే పోతాది. జవాబు రానిదే పని అయిందనుకోకు.”

నా గొంతు.

తర్వాత ఆయన చదువుకుంటూ పోయాడు. చివర నా గొంతు, “బాగుంది బాబూ, సక్కగా ఉన్నాది,” వేలిముద్ర చప్పుడు.

పదో పాఠం. శీర్షిక చదివాడు, ఆగాడు, నేను అన్నాను. పదకొండు. అంతే. ఇరవై దాకా విన్నాం. ప్రతిసారీ పాఠం పేరు వినగానే నా నోరు తనంత తాను తెరుచుకుంది. నలభై ఏళ్ళ అలవాటు. నా నోరు అన్నది నా చెవి విని, పలకలో ఉందనుకుంది.

 గంగులు మెల్లగా అడిగాడు: “బాబూ, ఆవిడ ప్రతిసారీ అంతంటే, ఎందుకంతందో నువ్వు అడగనేదా?”

వైకుంఠరావు తల వంచుకున్నాడు. “ప్రార్థన అనుకున్నానండీ. మీ కులదైవానికి ఏదో చెప్పుకుని మొదలుపెడతారనుకున్నాను. మధ్యలో మాట్లాడితే మర్యాద కాదని ఆగేవాణ్ణి.”

వెనకనుంచి ఎవడో నవ్వాడు. తవుడమ్మ మంచం మీదనుంచే తిట్టింది: “నవ్వు ఆపరా సచ్చినోడా, ఇరిగింది నా తుంటి.”

నేను లేచాను.  ఈ ఏడు రోజులూ నేను ముత్యాల్ని అనుమానించాను, గున్నయ్యనూ తవుడమ్మ కోడలినీ అప్పన్ననూ అనుమానించి వేరువేరు చోట్ల చదివించాను, ఈయన్ని దొంగ అన్నాను, ఈ పెట్టెను కూడా వదల్లేదు. ఊళ్ళో నేను అనుమానించకుండా వదిలేసింది ఒక్క మనిషిని.

“గంగులూ,” అన్నాను, “ఆ గుంట సదివినట్టే అల్లినాది. సదివినదాంట్లో మాట నేదు. నేకపోడానికి నాను ఏలు ఏసినాను. తాడు ఇప్పాలంటే నా తాడు ఇప్పు. బయటి వరస, నలబై రెండు. ఒక్కదాన్నే ఉన్నాను, మీకు పని తక్కువ.”

“ఊరుకో పిన్నీ.”

“ఊరుకోడానికి రానేదు నాను. తేల్సు.”

పెద్దలు పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి గంగులు చెప్పింది ఇది. ముత్యాలు తాడు విప్పరు. నా తాడూ విప్పరు. పాఠాలన్నీ మొదటినుంచీ మళ్ళీ చదవాలి, ఈసారి ఇద్దరు వినాలి, నేనూ ముత్యాలూ. పాఠం కింద పడేది ముత్యాలు సంతకం. పాఠాల మీద నా వేలిముద్ర ఇకమీదట చెల్లదు. చదవడం ముగిసేదాకా పదకొండు ఊళ్ళలోనూ కొత్త అల్లకం ఆపాలని కేంద్రానికి కబురు.

నలభై ఏళ్ళుగా నడిచిన వేలు అది. సభలో ఏడవలేదు. ఇక్కడ కూడా ఏడవడం లేదు, పెట్టె అలా రాస్తే నమ్మకండి.

6
బహుళ విదియ, మధ్యాహ్నం

ఇవాళ అల్లకపు తెప్పలో చదువు మొదలైంది. నా నోరు నాకు లోబడదని సభలోనే రుజువైంది కదా, అందుకని చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళాను. వైకుంఠరావు పాఠం ఎత్తుకునే ముందు ఒక గుక్క పుక్కిట పట్టి, పాఠం అయ్యాక పక్కన ఉమ్మేసి ఇంకో గుక్క పట్టాను. నీళ్ళుంటే నోరు తెరవలేను, ఉన్నదే వింటాను.

“ఇదేంటండీ?” అన్నాడాయన.

ముత్యాలు చెప్పింది: “నువ్వు సదువు బాబూ. మామ్మ నోటికి కాపలా పెట్టుకున్నాది.”

మొదటి పాఠం పేరు చదివాడు. తర్వాత ఖాళీ. నా దవడలు కదిలాయి, నీళ్ళు ఆపాయి. మొదటిసారి నాకు ఆ ఖాళీ వినిపించింది. గబుక్కున ఆయన చొక్కా మీద ఉమ్మాను.

“ఇక్కడ నేదు!”

“రాసుకుంటున్నానండీ” అని చొక్కా తుడుచుకున్నాడు. కోప్పడలేదు. రెండో పాఠానికి కాస్త దూరంగా జరిగి కూర్చున్నాడు. నేను ఉమ్మిన చోటల్లా ఆ మాట తిరిగి పెట్టాడు. అన్ని చోట్లా అక్కర్లేదని నేనే ఒప్పుకున్నాను. పేర్లూ కొలతలూ ఉన్న అరలో దానికి పనిలేదు. చీటీ చేతులు మారే చోట మాత్రం ఉండి తీరాలి. మధ్యాహ్నానికి పద్నాలుగు చోట్లు తేలాయి. ఆయన రెండు చొక్కాలు మార్చాడు.

ఇరవై రెండో పాఠం మేస్త్రి గురించి. పనివాడు పడితే మేస్త్రి పాతవాణ్ణి తీసేసి కొత్తవాణ్ణి ఎలా కూర్చోబెడతాడో చెప్పేది. నా పాఠాల్లో నాకు బాగా నచ్చినది. ముందు మాట ఆయన తియ్యకుండా ఉంచిన ఒక్క చోటూ ఇదే, సరిగ్గానే ఉంది. నేను తల ఊపాను, తర్వాతిదానికి చెయ్యి ఊపాను.

“ఆగు బాబూ,” అంది ముత్యాలు. “ఇక్కడ నేదు.”

ఇద్దరం దాని వైపు చూశాం.

“కొత్త పనోడు కూకున్నాడని సీటీ పంపినోడికి ఎవులు సెప్తారు?”

వైకుంఠరావు వేళ్ళతో పలక జరిపాడు, ముందుకు, వెనక్కి. “జవాబు రాకపోతే మళ్ళీ పంపాలని ఉంది కదమ్మా.”

“ఎంతసేపు సూడాల? జవాబు ఆలీసమైతే పనోడు పడిపోయినట్టా, పనిలో ఉన్నట్టా? ఊరికే మళ్ళీ పంపీస్తే పని రెండుసార్లు అయిపోద్ది. పదిహేడుకి మళ్ళీ అల్లుదామని కూకున్నాను, ఇక్కడే ఆగిపోనాను. మనిసి మారినాడని మేస్త్రి ఒక సీటీ ఏస్తే సాలు. ఏ పాటంలోనూ నేదది.”

ఆయన నాలుగు అరలూ వెతికాడు, ఆయన సర్దకముందున్న పాత రాతలు కూడా వెతికాడు. నేను నమ్మక, సైగ చేసి రెండోసారి వెతికించాను. అరవై మూడింటిలో ఎక్కడా లేదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అక్కడ కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. మా పంపులు ఒకే వరసలో ఉండేవి. పోలమ్మి పడిన రోజు తర్వాత, ఎవతైనా పడితే చీటీ వేసినది తల తిప్పి చూసేది, కొత్త ముఖం కనిపించగానే మళ్ళీ వేసేది. చూసేదానికి ఇంకొకరు వచ్చి చెప్పడమెందుకు? యంత్రంలో పనివాళ్ళకు కళ్ళు లేవు. ఆ సంగతి నలభై ఏళ్ళలో నాకు తట్టలేదు. ఆ కొండ మీది వాళ్ళకూ తట్టలేదు, ముత్యాలు అడిగేదాకా.

పదకొండు ఊళ్ళలో ఇన్నాళ్ళుగా ఎన్ని తెప్పలు ఎందుకొరిగాయో తెలియక ఎన్ని తాళ్ళు విప్పి ఉంటారో. ఆ లెక్క ఆయన మనసులోనూ మొదలైనట్టుంది, ఊళ్ళను వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు.

ముత్యాలు నా వైపు తిరిగింది. భయంగా ఉంది దాని ముఖం. తాడు విప్పుతారన్న రోజున కూడా అంత భయపడలేదు.

“తప్పుగా అడిగినానా మామ్మా?”

నోట్లో నీళ్ళున్నాయి. ఉమ్మడానికి చోటు వెతికాను. ఆయన అప్పటికే చొక్కా వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

నీళ్ళు మింగేశాను. “నేదే గుంటా, నాను అడగాల్సింది నువ్వు అడిగినావు” అన్నాను.